ఆటోమేటిక్ కారు కుదుపులు, బాడీ మీద గీతలు, సొట్టలు: హైదరాబాద్ ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఆటోమేటిక్ కారు నడిపేవాళ్ల సందేహాలు ఎక్కువగా రెండు విషయాల చుట్టూ తిరుగుతాయి. గేరు మారేటప్పుడు ఈ కుదుపేంటి, ఈ చప్పుడేంటి అన్నది ఒకటి. సెల్లార్‌లోనో సిగ్నల్ దగ్గరో గీరుకుపోయిన చోట ఇప్పుడేం చేయాలన్నది రెండోది. రెండింట్లోనూ డబ్బు వృథా అయ్యేది చాలావరకు భయం వల్లే. గేర్‌బాక్స్ స్వభావాన్ని జబ్బు అనుకుని వేలు పోస్తారు. గోటితో చూస్తే తేలిపోయే గీతకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసి, క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న తగ్గింపుని, అంటే నో క్లెయిమ్ బోనస్‌ని, పోగొట్టుకుంటారు. అందుకే ఏది వదిలేయొచ్చో, ఏది ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదో ఇక్కడ వివరంగా రాశాను.

నా కారు ఆటోమేటిక్ అని తెలుసు. అందులో ఏ రకమో తెలుసుకోవడం అవసరమా?

చాలా అవసరం. ఒక రకానికి మామూలైన లక్షణం ఇంకో రకానికి ప్రమాద సూచన.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మీ బదులు మోటారో, హైడ్రాలిక్ పంపో చేస్తుంది. మన దేశంలో 2014లో మారుతీ సెలెరియోతో ఇది మొదలైంది. వ్యాగన్ ఆర్, టియాగో, పంచ్, క్విడ్ లాంటి వాటిలో దొరికేది ఇదే. సీవీటీలో విడివిడిగా గేర్లుండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్ట్ తిరుగుతుంది. హోండా సిటీ, అమేజ్, నిస్సాన్ మాగ్నైట్ టర్బోలలో ఉన్నది ఇది. డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి. ఒక గేరు నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధమైపోతుంది. హ్యుందాయ్, కియా టర్బో పెట్రోల్ కార్లలో చాలావాటికి, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5కి ఇదే. ఇక టార్క్ కన్వర్టర్ పాతకాలం నుంచీ ఉన్న అసలు ఆటోమేటిక్. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఆయిల్ ద్వారా శక్తి అందుతుంది. ఇన్నోవా క్రిస్టా పాత ఆటోమేటిక్‌లలో, బ్రెజా, డీజిల్ క్రెటాలలో చూస్తాం.

మీ కారులో ఏముందో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. షోరూమ్‌లో "ఆటోమేటిక్ సార్" అని మాత్రమే చెప్పి ఉంటే, ఒకసారి అది తెరిచి చూసుకోండి.

ఏఎంటీ కారు ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు తల ముందుకు ఊగుతోంది. క్లచ్ పోయిందా?

పోలేదు. గేరు మారే ఆ అర సెకను క్లచ్ విడిపోతుంది, చక్రాలకి శక్తి ఆగుతుంది. మీ కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద అలాగే ఉంది కాబట్టి, మళ్లీ కలిసేసరికి కారు తోసినట్టవుతుంది. మాన్యువల్ కారులో మీ కాలు తెలియకుండానే చేసే పనిని ఇక్కడ కొంచెం తెలిసి చేయాలి. ఇంజిన్ శబ్దం పెరిగి గేరు మారబోతోంది అనిపించిన క్షణంలో యాక్సిలరేటర్‌ని కొద్దిగా వదలండి. పూర్తిగా కాదు, వేలు ఎత్తినంత. గేరు పడగానే మళ్లీ తొక్కండి. వారం రోజుల్లో అలవాటైపోతుంది, ఊపు చాలావరకు తగ్గుతుంది.

అప్పటిదాకా సాఫీగా వెళ్లిన కారు ఈమధ్యే గట్టిగా తన్నడం మొదలుపెడితే వేరే సంగతి. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ అది పట్టుకునే చోటు మారుతుంది. ఆ చోటుని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించాలి. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి కాసేపట్లో చేసేస్తారు. "గేర్‌బాక్స్ దించాలి" అంటే, ముందు ఈ లెర్నింగ్ చేశారో లేదో అడగండి. బలహీనపడిన 12 వోల్టుల బ్యాటరీ కూడా ఏఎంటీని తికమక పెడుతుంది. అది చెక్ చేయించడం చౌకైన పని, మొదట చేయాల్సిన పని.

డ్రైవర్ డోర్ తీయగానే బానెట్ కింద నుంచి జుయ్యిమని శబ్దం వస్తోంది. ఇంకా తాళం కూడా తిప్పలేదు.

హైడ్రాలిక్ పంపు ఉన్న కొన్ని ఏఎంటీ కార్లలో ఇది మామూలే. మీరు కూర్చునేలోపు ప్రెజర్ సిద్ధం చేసుకుంటోంది. ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతే పట్టించుకోకండి.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగాలి. డ్రైవ్‌లో ఉంచి బ్రేక్ తొక్కాలా, న్యూట్రల్‌లో పెట్టాలా?

బ్రేక్ గట్టిగా, పూర్తిగా తొక్కి ఉంటే డ్రైవ్‌లో ఉన్నా నష్టమేమీ లేదు. ఏఎంటీలో, డీసీటీలో బ్రేక్ పూర్తిగా తొక్కినప్పుడు క్లచ్ విడిపోయే ఉంటుంది. టార్క్ కన్వర్టర్‌లో అరగడానికి అక్కడ ఉన్నది ఆయిలే. ఎక్కువసేపు ఆగాలంటే న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేసుకోండి, మీ కాలికి విశ్రాంతి.

నష్టం చేసేది సగం బ్రేక్. పాదం కొద్దిగా వదిలి, కారుని అంగుళం అంగుళం జరుపుతూ ముందు బండి వెనకే పాకించడం. అప్పుడు క్లచ్ సగం పట్టి సగం జారుతూ కాలుతుంది.

డీసీటీ కారు. సాయంత్రం ఐకియా జంక్షన్ నుంచి గచ్చిబౌలి దాటేసరికి "ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది" అని వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

కారుని పక్కకి తీసి, పార్క్‌లో పెట్టి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, సందేశం పోయేదాకా ఆగండి. మీ మోడల్‌కి మాన్యువల్‌లో వేరే విధానం రాసి ఉంటే అదే పాటించండి. పది నిమిషాలు ఆలస్యమైందని టెన్షన్ పడి అలాగే లాగించేస్తే, క్లచ్ ప్యాక్ ఖర్చు మీదే. క్లచ్ అరిగిపోయే భాగం కాబట్టి మామూలుగా వారంటీలోకి రాదు.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఒక అలవాటు మార్చుకోవాలి. ముందు బండి అడుగు జరగగానే మీరూ అడుగు జరపొద్దు. ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చేదాకా ఆగి, ఒక్కసారి కదిలి, మళ్లీ పూర్తిగా ఆగండి. ఆ ఖాళీలోకి బైకులు దూరతాయి, ఆటో దూరుతుంది, వెనకాయన హారన్ కొడతాడు. కొట్టనివ్వండి. డ్రై క్లచ్ ఉన్న డీసీటీకి చల్లార్చే ఆయిల్ లేదు, గాలే దిక్కు. ఆల్ట్రోజ్‌లో వచ్చిన వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే) రకం కొంత మెరుగు, కానీ అంగుళాల ట్రాఫిక్ దానికీ మంచిది కాదు. రోజూ ఆఫీసుకి ఈ దారే అయి, ఇంకా కారు కొనలేదంటే, నా సలహా టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ.

సీవీటీ కారు తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, స్పీడ్ మాత్రం నెమ్మదిగా పెరుగుతోంది.

అది సీవీటీ పద్ధతే. ఇంజిన్‌ని బలమున్న ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) దగ్గర ఉంచి, పుల్లీల వెడల్పు మార్చుకుంటూ వేగం పెంచుతుంది. సగం వరకే తొక్కి, పట్టి ఉంచండి, నిశ్శబ్దంగా పోతుంది. వేగంతో పాటు పెరిగే సన్నని ఈల లాంటి మోత కొత్తగా మొదలైతే మాత్రం చూపించాలి. అది బేరింగ్‌దో బెల్ట్‌దో కావచ్చు.

ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద ఆగితే వెనక్కి జారుతోంది. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి నిలబెడుతున్నాను. తప్పా?

తప్పే, ఖరీదైన తప్పు. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టడమంటే ఏఎంటీలో, డీసీటీలో క్లచ్‌ని నిలువునా కాల్చడం. టార్క్ కన్వర్టర్‌లోనూ ఆయిల్ వేడెక్కుతుంది. హిల్ హోల్డ్ ఉంటే బ్రేక్ వదిలాక ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది, ఆలోపు కదలాలి. లేకపోతే హ్యాండ్ బ్రేక్ వేసి, యాక్సిలరేటర్ తొక్కి, కారు ముందుకి లాగుతున్నట్టు తెలిశాక హ్యాండ్ బ్రేక్ దించండి. సెల్లార్ ర్యాంప్ మీద పైనుంచి ఇంకో కారు దిగుతుంటే, సగంలో ఆగి ఎదురుచూడకండి. కిందే ఆగి దారి ఇవ్వండి.

ఎత్తులో పార్క్ చేసి తీసేటప్పుడు లివర్ గట్టిగా వచ్చి టక్కుమంటోంది.

పార్క్‌లో పెట్టినప్పుడు లోపల ఒక చిన్న ఉక్కు కొక్కెం గేరు పళ్ల మధ్య దిగుతుంది. హ్యాండ్ బ్రేక్ వేయకుండా పార్క్‌లో పెట్టి కాలు తీస్తే, కారు బరువంతా ఆ కొక్కెం మీదే వేలాడుతుంది. క్రమం ఇలా ఉండాలి: బ్రేక్ తొక్కి, న్యూట్రల్‌కి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాలు మెల్లగా వదిలి కారుని దాని మీద నిలబడనిచ్చి, మళ్లీ బ్రేక్ తొక్కి పార్క్‌లో పెట్టాలి. చాలా ఏఎంటీల్లో పార్క్ స్థానం ఉండదు. వాటిని గేరులో ఉంచి ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ తప్పకుండా వేయాలి.

ఇవన్నీ మామూలే అంటున్నారు. మరి నిజమైన జబ్బు ఎలా ఉంటుంది?

డ్రైవ్‌లోనో రివర్స్‌లోనో వేశాక కారు కదలడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటే. ఆర్‌పీఎం పైకి పోతూ వేగం పెరగకపోతే (సీవీటీలో కూడా, మునుపటికంటే తేడాగా అనిపిస్తే). తెల్లారి సెల్లార్ నేల మీద, ముందు చక్రాల మధ్య ఎర్రగానో గోధుమరంగులోనో నూనె మరక కనిపిస్తే. ఏసీ నుంచి కారే నీళ్లు కావని తెలుసుకోవడానికి తెల్ల కాగితం అద్ది చూడండి. డీసీటీ కారు పది ఇరవై కి.మీ. వేగంలో వణికితే. కాలిన వాసన వస్తే. గేరు లైటు వెలిగి, కారు ఒకే గేరులో చిక్కుకుపోతే. వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే చూపించాలి. చివరిదైతే అదే రోజు.

ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌కి కింద భాగం గట్టిగా తగిలినా అంతే. గేర్‌బాక్స్ ఆయిల్ పాన్ పగిలి ఆయిల్ మెల్లగా కారిపోతే, లైటు వెలిగేసరికి లోపల నాశనమైపోతుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేయగానే కారు కాస్త గట్టిగా లాగడం, ఏసీ వేయగానే ఇంకొంచెం ముందుకి పాకడం మాత్రం జబ్బులు కావు. ఆ సమయంలో ఇంజిన్ ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే తిరిగే వేగం, ఎక్కువగా ఉంటుంది, అంతే.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్నారు. నమ్మొచ్చా?

ముందు మాన్యువల్‌లో "సివియర్ కండిషన్" పట్టిక చూడండి. ఎండ, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, తరచూ చిన్న దూరాలు దాని కిందకే వస్తాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లే కారు అదే కోవలోది. టార్క్ కన్వర్టర్, సీవీటీ ఆయిళ్లు వేడికి పాడవుతాయి, మార్చడం అవసరమే.

అంతకంటే ముఖ్యం, ఏ ఆయిల్ పోస్తున్నారన్నది. సీవీటీకి సీవీటీ ఆయిలే, అదీ కంపెనీ చెప్పిన రకమే పోయాలి. "అన్నిటికీ ఇదే పోస్తాం సార్" అన్న చోట కారు ఉంచకండి. రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో మీరే కొని ఇస్తానంటే, సీల్ డబ్బా మీద ఉన్న స్పెసిఫికేషన్‌ని మాన్యువల్‌లోని దానితో అక్షరం అక్షరం పోల్చుకుని కొనండి.

వానకి సెల్లార్‌లో నీళ్లొచ్చాయి. కారు సగం మునిగింది.

స్టార్ట్ చేయొద్దు. తాళం ఆన్ కూడా చేయొద్దు. బ్యాటరీ నెగటివ్ తీయించి, ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి, ఫ్లాట్‌బెడ్ మీద పంపండి. మునిగిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే దాన్ని మామూలు పాలసీ ఒప్పుకోదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ (అదనపు కవర్) ఉండాలి. గేర్‌బాక్స్‌లోకి గాలి గొట్టం గుండా నీరు పోతుంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా మారితే నీరు కలిసినట్టే.

బ్యాటరీ దిగిపోయింది. తోసి స్టార్ట్ చేయొచ్చా? లాక్కెళ్లొచ్చా?

సీవీటీ, డీసీటీ, టార్క్ కన్వర్టర్ కార్లు తోస్తే స్టార్ట్ కావు. జంపర్ కేబుల్ పెట్టాలి. లివర్ పార్క్‌లో ఇరుక్కుంటే, చాలా కార్లలో పక్కన షిఫ్ట్ లాక్ అని చిన్న మూత ఉంటుంది. అది తీసి నొక్కితే న్యూట్రల్‌కి వస్తుంది. లాక్కెళ్లేటప్పుడు ఇంజిన్ తిప్పే చక్రాలు నేల మీద దొర్లకూడదు. మామూలు కార్లకి ముందు చక్రాలు ఎత్తాలి, ఇన్నోవా క్రిస్టాకి వెనకవి. ఫ్లాట్‌బెడ్ దొరికితే ఇక ఆలోచించక్కర్లేదు.

డోర్ మీద గీత పడింది. పెయింట్ వేయించాలా, పాలిష్ చాలా?

ముందు అక్కడ శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. ఎదుటి బండి రంగు అంటుకుని గీతలా కనిపిస్తోందేమో ముందు తేల్చుకోవాలి. అలాంటిది క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద), పాలిష్‌తో పోతుంది. తర్వాత గీత మీద రెండు చుక్కలు నీళ్లు పోయండి. తడిలో గీత మాయమైతే అది రంగు పైనున్న పారదర్శక పొర, క్లియర్ కోట్‌లోనే ఉంది, కాంపౌండ్ పాలిష్ చాలు. ఇప్పుడు చూపుడు వేలి గోరుని గీతకి అడ్డంగా మెల్లగా లాగండి. గోరు జారిపోతే పాలిష్. గోరు తట్టుకుని ఆగితే రంగు పొర దాకా దిగింది. అడుగున బూడిదరంగు కనిపిస్తే ప్రైమర్, మెరిసే వెండి రంగైతే రేకు.

రేకు కనిపిస్తే వాన పడేలోపే టచప్ చేయండి. రంగు కోడ్ సాధారణంగా డోర్ పక్క స్తంభం మీదో బానెట్ కిందో స్టిక్కర్‌లో ఉంటుంది. అదే కోడ్‌తో టచప్ పెన్ తెప్పించుకుంటే చాలు. కంటికి కనిపిస్తుంది కానీ తుప్పు పట్టదు. బంపర్ ప్లాస్టిక్, దానికి తుప్పే లేదు. బంపర్ గీతకి తొందరే లేదు, ఏడాది ఆగినా ఏమీ కాదు.

టూత్‌పేస్ట్, వేడి నీళ్లు పనిచేస్తాయా?

పేస్ట్ కొద్దిగా గరుకు. సన్న గీతలు కప్పినట్టు కనిపిస్తాయి, రెండు వాష్‌లకి మళ్లీ తేలతాయి, ఆ చోటు మసకబారుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి అసలు పోవద్దు. వేడి నీళ్లు ప్లాస్టిక్ బంపర్ లోపలికి నొక్కుకుపోతే కొన్నిసార్లు పనిచేస్తాయి. మెత్తబడ్డాక లోపల నుంచి తోయాలి. రేకు మీద పడిన సొట్టకి పనిచేయవు.

రంగు పోలేదు, సొట్ట మాత్రమే. పెయింట్ లేకుండా తీస్తారట, నిజమేనా?

నిజమే. మంచి పనివాడి చేతిలో చూడాల్సిన పని ఇది. డోర్ గ్లాస్ సందులో నుంచి వంపు తిరిగిన ఇనుప రాడ్డు లోపలికి దించుతాడు. బయట ఒక చారల లైటు పెడతాడు. రేకు మీద ఆ చారల ప్రతిబింబం సొట్ట దగ్గర వంకర పోయి ఉంటుంది. కళ్లు ఆ వంకర మీదే పెట్టి, రాడ్డు కొసతో లోపల నుంచి కొద్దికొద్దిగా నొక్కుతూ పోతాడు. పైకి ఎక్కువ తేలిన చోట చిన్న సుత్తితో తట్టి దించుతాడు. చారలు తిన్నగా అయ్యేదాకా ఇదే. తలుపులు తగిలి పడే గుండ్రటి సొట్టలకి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. అంచు మీద పడ్డవి, రేకు మడత పడ్డవి, రంగు పగిలినవి దీనితో రావు.

ఇది కుదిరే చోట పెయింట్ జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. కంపెనీ పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్లు మందం కొలిచే మీటర్ పెడతారు. లప్పం పెట్టి పూసిన ప్యానెల్ వెంటనే దొరికిపోతుంది, అది చిన్న సొట్టకి చేయించినదే అయినా "యాక్సిడెంట్ బండి" అంటూ బేరం మొదలవుతుంది.

పెయింట్ తప్పదు. షేడ్ తేడా రాకుండా ఏం చూసుకోవాలి?

ప్లెయిన్ తెలుపు సులువు. సిల్వర్, గ్రే, పర్ల్ వైట్ కష్టం, ఎందుకంటే అందులోని రేణువులు పడే తీరు గన్ పట్టే చేతిని బట్టి మారుతుంది. పైగా నాలుగేళ్లు ఎండలో నిలబడిన కారు రంగు కోడ్‌లో ఉన్న రంగు కాదు. పక్క ప్యానెల్‌లోకి రంగుని కలుపుతూ పోయేవాడే మంచి పెయింటర్. పెయింట్ బూత్ (దుమ్ము, తేమ రాకుండా మూసిన గది) ఉందా అని అడగండి. వానాకాలంలో బూత్ లేకుండా రోడ్డు పక్కన కొట్టించకండి, తేమకి పెయింట్ పాలిపోయినట్టు తెల్లబడుతుంది. డెలివరీ పగటి ఎండలోనే తీసుకోండి, ట్యూబ్ లైట్ కింద అన్ని షేడ్లూ ఒకటే.

వెనక బంపర్ పూయించాక పార్కింగ్ సెన్సార్లు చెక్ చేసుకోండి, వాటి మీద మందంగా పెయింట్ పడితే తికమకపడతాయి. ముందున్న బండి దూరాన్ని పసిగట్టే రాడార్ ఉన్న కారైతే, దాని ఎదురుగా ఉన్న భాగంలో లప్పం పెట్టనివ్వకండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేయాలా, జేబులోంచి పెట్టుకోవాలా?

కాగితం మీద లెక్క వేస్తే సమాధానం అదే వస్తుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ కారుకి జరిగే నష్టం కోసం కట్టేది) 12,000 రూపాయలనుకుందాం, మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉందనుకుందాం. అంటే మీరు కడుతున్నది 6,000. ఒక్క క్లెయిమ్ వేస్తే బోనస్ సున్నా. వచ్చే ఏడాది 12,000 కట్టాలి. ఆ తర్వాత క్లెయిమ్ లేకుండా నడిస్తే బోనస్ 20, 25, 35, 45 శాతంగా మెల్లగా పెరిగి మళ్లీ 50కి చేరుతుంది. ప్రీమియం మారదనుకుంటే, ఆ ఐదేళ్లలో మీరు అదనంగా కట్టేది 6,000, 3,600, 3,000, 1,800, 600. మొత్తం 15,000. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి అసలు మొత్తం కొంత తక్కువ ఉంటుంది. అయినా 5,000 రూపాయల బంపర్ పెయింట్‌కి క్లెయిమ్ ఎందుకు దండగో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పైగా ప్రతి క్లెయిమ్‌కి తప్పనిసరి కోత ఉంటుంది. 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆపైన 2,000. జీరో డెప్ (భాగాల పాతదనానికి కోత పెట్టని అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో సగం మీదే. ఇప్పటికే బోనస్ సున్నాలో ఉన్నవాళ్లకి, హెడ్‌లైట్, బంపర్, ఫెండర్ కలిసి పోయినవాళ్లకి క్లెయిమే లాభం. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ (క్లెయిమ్ వేసినా నో క్లెయిమ్ బోనస్‌ని కాపాడే కవర్) తీసుకున్నవాళ్ల లెక్క కూడా వేరు.

పాత గీతలన్నీ ఒకే క్లెయిమ్‌లో వేసేయమని సలహా ఇచ్చారు.

వద్దు. ఎడమ డోర్ గీత, కుడి వెనక సొట్ట ఒకే దెబ్బకి పడవని, నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి చూడగానే తెలుస్తుంది. గీత దిశ, మట్టి, తుప్పు అన్నీ చెబుతాయి. వేర్వేరు ఘటనలని రాస్తే ప్రతిదానికీ కోత పడుతుంది. అబద్ధమని తేలితే క్లెయిమే పోతుంది. జరిగింది జరిగినట్టు రాయండి.

వెనక నుంచి ఎవరో కొట్టారు. రోడ్డు మీదే సెటిల్ చేసుకోనా?

ముందు ఫోటోలు: రెండు బండ్లూ, నంబర్ ప్లేట్లూ, రోడ్డూ కలిసి వచ్చేలా. తర్వాత పక్కకి తీయండి. ఎవరికైనా దెబ్బలు తగిలితే సెటిల్‌మెంట్ మాటే వద్దు, 112కి ఫోన్ చేయండి. ఒక్క గీతే అయితే, ఎదుటివాళ్లు మర్యాదగా ఇస్తే తీసుకోండి. వాళ్ల థర్డ్ పార్టీ పాలసీ మీద ఆస్తి నష్టానికి దావా వేసే హక్కు మీకు ఉంది, కానీ అది మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్ దాకా వెళ్లే దారి. డోర్ గీతకి ఎవరూ అంత దూరం వెళ్లరు. బంపర్ పైకి బాగానే కనిపించినా వెనక డిక్కీ సాఫీగా మూతపడుతోందా, బంపర్ పక్క సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా చూసుకున్నాకే రేటు మాట్లాడండి. లోపలి బీమ్ వంగితే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది.

సెల్లార్‌లో పార్క్ చేస్తుంటే కారు ఒక్కసారిగా దూకి పిల్లర్‌కి తగిలింది. గేర్‌బాక్స్ లోపమా?

స్కానర్‌తో చెక్ చేయించండి, అనుమానం తీరుతుంది. కానీ చాలాసార్లు కారణం పాదాల దగ్గరే ఉంటుంది. మాన్యువల్ నుంచి వచ్చినవాళ్ల ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి బ్రేక్‌ని తొక్కుతుంది, కంగారులో కుడికాలు యాక్సిలరేటర్ మీద పడుతుంది. ఎడమ కాలుని డెడ్ పెడల్ (ఎడమ పక్కన కాలు ఆనించుకునే మెట్టు) మీద పెట్టి అక్కడే ఉంచండి. రెండు పెడల్స్‌కీ కుడికాలు ఒక్కటే. మడమ బ్రేక్ ముందు నేలకి ఆనించి, పాదం కొసని మాత్రం తిప్పితే చాలు. పార్కింగ్‌లో యాక్సిలరేటర్ అవసరమే లేదు, బ్రేక్ వదిలితే కారు తనంతట తనే పాకుతుంది. పాకకపోతే టైరు దగ్గర రాయో, చిన్న ఎత్తో ఉన్నట్టు. అక్కడ తొక్కితేనే, అది దాటగానే దూకేది. ఇంట్లో ఇంకొకరు కొత్తగా నడుపుతుంటే ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండ్‌లో ఇదొక్కటే గంటసేపు చేయించండి. డ్రైవర్ వైపు ఒక మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేసి ఉంటే, పైది ఇవాళే తీసేయండి.